విడిపోయిన చదువు: విశాఖలో ఫిలాసఫీ, థియాలజీ, ప్రాచీన భాషలు

ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని 1931 నుంచి 1936 దాకా నడిపిన వైస్ ఛాన్సలర్ ఒక ఫిలాసఫీ ప్రొఫెసర్. సర్వేపల్లి రాధాకృష్ణన్ వాల్తేరు వచ్చేనాటికే భారతీయ తత్వశాస్త్రం మీద ఆయన రాసిన రెండు సంపుటాలూ అచ్చయి ఉన్నాయి. ఇక్కడి పదవీకాలం ముగిసిన ఏడాదే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం బోధించే స్పాల్డింగ్ ఆచార్య పీఠం అందుకున్నారు. ఆయన పిలుపు మీద హుమాయూన్ కబీర్ లాంటివారు ఇక్కడికొచ్చి పాఠాలు చెప్పారు. తర్వాతి తరంలో కె. సచ్చిదానందమూర్తి ఈ విశ్వవిద్యాలయంలోనే చదివి, ఇక్కడే ఫిలాసఫీ ఆచార్యుడయ్యారు. అద్వైతంలో శ్రుతి (వేదప్రమాణం) ఎంత, యుక్తి ఎంత అన్న ప్రశ్న మీద ఆయన ఇంగ్లిష్‌లో ఒక పెద్ద గ్రంథమే రాశారు. పద్మభూషణ్, పద్మవిభూషణ్ రెండూ ఆయనకు దక్కాయి.

ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఇవాళ ఎవరైనా ఫిలాసఫీలో చేరతానంటే ఇంట్లో మొదట వినిపించేది "ఆ మెట్ట వేదాంతం చదివి ఏం చేస్తావ్?" అన్న మాటే. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. అంతకంటే ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. చదవాలని గట్టిగా అనుకున్నవాళ్లకు ఈ చదువు ఒక్కచోట దొరుకుతుందా?

దొరకదు. ఫిలాసఫీ ఒక శాఖలో ఉంది, అక్కడ చదివేది ఎక్కువగా ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలూ అనువాదాలూ. సంస్కృతం ఇంకో శాఖలో ఉంది, అక్కడ కావ్యానికీ వ్యాకరణానికీ పెద్దపీట. దేవుడి గురించి, శాస్త్ర ప్రమాణం గురించి క్రమపద్ధతిలో ఆలోచించే చదువు, అంటే థియాలజీ, విశ్వవిద్యాలయం గోడ బయట వేదపాఠశాలల్లో, క్రైస్తవ సెమినరీల్లో, మదర్సాల్లో ఉంది. గ్రీకు, హీబ్రూ నేర్చుకోవాలంటే సెమినరీల వైపు చూడాలి. అరబీకి మదర్సా, పాళీకి బౌద్ధ అధ్యయన కేంద్రాలు. ఒక విద్యార్థి ఫిలాసఫీ, థియాలజీ, ప్రాచీన భాష మూడూ కలిపి చదవాలంటే మూడు వేర్వేరు లోకాల్లో తిరగాలి. ఆ లోకాలకు ఒకదానితో ఒకటి పెద్దగా మాటల్లేవు. ఫిలాసఫీకి ఆదరణ తగ్గిందని వాపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. దానికన్నా పెద్ద నష్టం ఈ విడిపోవడంలో ఉంది.

విడదీసింది ఎవరు?

ఇది మన సంప్రదాయంలో ఉన్న లోపం కాదు. "కాణాదం పాణినీయం చ సర్వశాస్త్రోపకారకమ్" అని పాత పండితులు చెప్పుకునేవారు. కణాదుడి తర్కం, పాణిని వ్యాకరణం, ఈ రెండూ వస్తే ఏ శాస్త్రంలోకైనా వెళ్లొచ్చని దాని భావం. భాష రాకుండా వాదం లేదు, వాదం రాకుండా వేదాంతం లేదు. యూరప్‌లోనూ మధ్యయుగపు విశ్వవిద్యాలయాలు ఇదే పద్ధతిలో నడిచాయి. పారిస్‌లో ముందు లాటిన్‌లో తర్కం, తత్వం నేర్చుకుని, ఆ తర్వాతే థియాలజీ, న్యాయం, వైద్యం అనే పై చదువులకు వెళ్లేవారు.

మన దగ్గర తెగింది 19వ శతాబ్దంలో. 1854 నాటి వుడ్ డిస్పాచ్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువు మతానికి దూరంగా ఉండాలని స్పష్టం చేసింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో వచ్చాయి. లండన్‌ది కూడా ఒక కథే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఆంగ్లికన్ చర్చికి చెందనివారికి తలుపులు మూసి ఉన్న రోజుల్లో, అన్ని మతాలవాళ్లూ చదువుకోవాలనే ఉద్దేశంతో థియాలజీ ఊసే లేకుండా అక్కడ 1826లో ఒక కాలేజీ మొదలుపెట్టారు. అక్కడి చర్చి గొడవలకు వెతుక్కున్న పరిష్కారం ఓడెక్కి మద్రాసు చేరింది. మద్రాసు నుంచి విడివడి 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అదే అచ్చు వారసత్వంగా వచ్చింది. మతకలహాల భయం ఉన్న ప్రభుత్వానికి అది సుఖంగానే ఉండి ఉంటుంది.

దీనితోపాటే ఇంకో చీలిక కూడా జరిగింది. సంస్కృత పండితులను తయారుచేసే ఓరియంటల్ కాలేజీలను మామూలు డిగ్రీ కాలేజీల నుంచి విడిగా ఉంచారు. విజయనగరం మహారాజా సంస్కృత కళాశాల 1860 నాటిది. అక్కడ వ్యాకరణం, తర్కం చదివినవారు దిగ్గజాలే. మాక్స్ ముల్లర్ ఋగ్వేద ప్రచురణ రెండో ముద్రణకు డబ్బిచ్చింది కూడా విజయనగరం మహారాజే. కానీ ఆ పండితుడు జర్మన్ తత్వవేత్త కాంట్‌ను చదవలేదు, వాల్తేరులో కాంట్‌ను చదివిన బి.ఎ. విద్యార్థి నవ్యన్యాయ పండితుడు గదాధరుడి పేరు వినలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే భాషాప్రవీణ, విద్యాప్రవీణ పట్టాలు ఇచ్చేది. అవి చాలావరకు తెలుగు పండిత ఉద్యోగానికి దారిగా మిగిలాయి. ఫిలాసఫీ శాఖకు అవి తలుపు తెరవలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ గోడ కూలే అవకాశం ఒకటి వచ్చింది. 1948–49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు రాధాకృష్ణనే. డిగ్రీ మొదటి ఏడాది బుద్ధుడు, సోక్రటీస్, యేసు, శంకరుడు, మహమ్మద్, నానక్ లాంటివారి జీవితాలు, రెండో ఏడాది మత గ్రంథాల నుంచి ఎంపిక చేసిన భాగాలు, మూడో ఏడాది మత తత్వశాస్త్రంలోని ప్రధాన సమస్యలు చదివించాలని ఆ నివేదిక సూచించింది. సూచన కాగితాల మీదే మిగిలింది. అప్పటికే రాజ్యాంగంలో 28వ అధికరణం చేరుతోంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ ఉండకూడదని దాని సారం.

ఈ అధికరణాన్ని చూపించి "థియాలజీ ఇక్కడ కుదరదు" అనేవారు ఒక తేడాను మరిచిపోతుంటారు. మతాన్ని నమ్మించడానికి బోధించడం వేరు, మతం గురించి చదవడం వేరు. గురునానక్ విశ్వవిద్యాలయ చట్టం మీద 1971లో వచ్చిన తీర్పులోనూ, పాఠ్యప్రణాళిక మీద 2002లో వచ్చిన అరుణా రాయ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఈ తేడానే ఎత్తిచూపింది. కాబట్టి చట్టం అడ్డం కాదు. అలవాటు అడ్డం. దానికితోడు ఏ శాఖ ఏం మాట్లాడినా ఎవరి మనోభావాలు దెబ్బతింటాయో అనే టెన్షన్ ఒకటి. అలీగఢ్‌లో సున్నీ, షియా థియాలజీలకు విడివిడిగా శాఖలున్నాయి. బనారస్‌లో ధర్మశాస్త్రాలకు ఒక పెద్ద విభాగమే ఉంది. అయితే అక్కడ కూడా ఒకరి శాస్త్రం మరొకరు చదివే ఏర్పాటు తక్కువ. థియాలజీ శాఖ ఉండగానే సమస్య తీరిపోదని చెప్పడానికి ఆ రెండూ చాలు.

ఒక అకారం

భాష లేని తత్వశాస్త్రంలో ఏం పోతుందో చెప్పడానికి ఒకే ఒక వాక్యం తీసుకుంటే సరిపోతుంది. అది అందరికీ తెలిసిన వాక్యమే కావడం ఇంకా మంచిది.

ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు తొమ్మిదిసార్లు ఒకే మాట చెబుతాడు: "స ఆత్మా తత్త్వమసి శ్వేతకేతో". ఆ ఆత్మ ఏదుందో అదే నువ్వు అని శంకరుల వ్యాఖ్యానం. జీవుడూ బ్రహ్మమూ ఒకటే అనడానికి అద్వైతం దీన్ని మహావాక్యంగా నిలబెట్టింది. రామానుజులు అదే పదాలను అలాగే ఉంచి, వాక్య నిర్మాణాన్ని ఇంకోలా చదివారు. "నువ్వు" అన్న పదం కూడా జీవుణ్ణి శరీరంగా ధరించిన బ్రహ్మాన్నే చెబుతుందని, రెండు పదాలూ ఒకే వస్తువును రెండు వైపుల నుంచి చూపిస్తున్నాయని ఆయన వాదం. మధ్వాచార్యులు ఇంకో అడుగు వేశారు. సంధి నియమం ప్రకారం "ఆత్మా" చివర ఉన్న దీర్ఘంలో ఒక అకారం కలిసిపోయి ఉండొచ్చు. అప్పుడు పదవిభాగం "ఆత్మా అతత్ త్వమ్ అసి" అవుతుంది. నువ్వు అది కాదు అని తేలుతుంది. అద్వైతానికి ఆధారమైన వాక్యమే ద్వైతానికి సాక్ష్యమైంది.

మధ్వుల పఠనం సందర్భానికి పొసగదని అద్వైతులు అనేక కారణాలు చెప్పారు, వాటికి ద్వైతులు జవాబులూ చెప్పారు. ఎవరు నెగ్గారన్నది ఇక్కడ అవసరం లేదు. ఈ వాదం సంధి తెలియనివాళ్లకు అసలు కనపడదు, అది ముఖ్యం. ఇంగ్లిష్ అనువాదంలో చదివితే అక్కడ వాదమే లేదు, మూడు పదాల తేట వాక్యం ఉంది అంతే. మన తెలుగు అచ్చు పుస్తకాల్లోనూ "ఆత్మా" తర్వాత ఖాళీ వదిలి "తత్త్వమసి" అని వేస్తారు. తాటాకుల మీద పదాల మధ్య ఖాళీ ఉండదు. ఆ ఖాళీ వేసినవాడు తెలిసో తెలియకో ఒక పక్షం తీసుకున్నట్టే. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. సవర్ణదీర్ఘ సంధి వస్తే చాలు, అది మన హైస్కూల్ తెలుగు వాచకంలోనే ఉంది.

ఈ వాదం విశాఖకు దూరపు చుట్టం కూడా కాదు. మధ్వుల శిష్యుడు నరహరి తీర్థులు 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల కాలంలో కళింగంలో అధికారిగా ఉన్నారు. శ్రీకూర్మంలో 1281 నాటి ఆయన శాసనం ఉంది, సింహాచలంలోనూ ఆయన ఆనవాళ్లున్నాయి. అదే సింహాచలంలో శ్రీవైష్ణవుల ప్రభావం సంగతి చెప్పనక్కర్లేదు. అంటే ఒకే కొండ మీద రామానుజుల పఠనం, మధ్వుల పఠనం రెండూ పక్కపక్కనే బతికాయి. చందనోత్సవం రోజు క్యూలో నిలబడే లక్షల మందికి ఇది తెలియకపోతే నష్టం లేదు. ఫిలాసఫీ ఎం.ఎ. విద్యార్థికి తెలియకపోతే నష్టమే.

వేదపాఠశాలలో పరిస్థితి తిరగబడి ఉంటుంది. అక్కడి పిల్లవాడికి ఆ వాక్యం స్వరంతో సహా కంఠస్థం. శాస్త్రం చదివినవాడైతే తన సంప్రదాయపు వ్యాఖ్యానం కూడా వచ్చు. అవతలి వాదం మాత్రం అతనికి పూర్వపక్షంగానే తెలుస్తుంది. మన శాస్త్రాల్లో ప్రత్యర్థి మాట ముందు చెప్పి తర్వాత ఖండించడం గొప్ప పద్ధతి, సందేహం లేదు. కానీ ఆ పూర్వపక్షం రాసేది ఖండించబోయేవాడే. అవతలివాడి గ్రంథం అవతలివాడి మాటల్లో చదివే అవకాశం ఇవ్వగలిగేది విశ్వవిద్యాలయం ఒక్కటే. అదే ఆ పని చేయడం లేదు.

భీమిలి రోడ్డు నుంచి టిబెట్ దాకా

బౌద్ధం విషయంలో లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. భీమిలి రోడ్డులో తొట్లకొండ మీది బౌద్ధారామం 1976లో నౌకాదళం వైమానిక సర్వేలో బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. బావికొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ కలిపితే, ఇంత చిన్న పరిధిలో ఇన్ని ఆరామాలు ఉన్న తీరం అరుదు. తొట్లకొండ శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. ప్రాకృతం, పాళీ భాషలకు 2024 అక్టోబరులో కేంద్రం ప్రాచీన భాష హోదా ఇచ్చింది. తెలుగుకు 2008లోనే వచ్చింది. హోదా వస్తే నిధులు వస్తాయి. చదివేవాళ్లు వాళ్లంతట వాళ్లు రారు.

తెలుగునేలతో పేరు ముడిపడిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుణ్ణి తీసుకోండి. ఆయన మూలమధ్యమక కారికలు సంస్కృతంలో మిగలడానికి చంద్రకీర్తి వ్యాఖ్యానం ఒక ముఖ్య కారణం. ఆయనదే ఇంకో గ్రంథం విగ్రహవ్యావర్తని మూల ప్రతి రాహుల్ సాంకృత్యాయన్‌కు 1930లలో టిబెట్‌లోని ఒక మఠంలో దొరికింది. శాతవాహన రాజుకు రాసినట్టు చెప్పే సుహృల్లేఖ సంస్కృత మూలం ఇప్పటికీ లేదు, టిబెటన్, చైనా అనువాదాలే ఆధారం. మన దగ్గర పుట్టిన వాదాన్ని మన దగ్గర కూర్చుని చదవాలంటే టిబెటన్ కావాలి. ప్రాచీన భాషలంటే సంస్కృతం, ఆపైన సంస్కృతం అనుకునేవారికి ఇది కొంచెం మింగుడుపడని విషయం. నాగార్జునుడి పేరుతో విశ్వవిద్యాలయాలు, రిజర్వాయర్లు ఉన్నాయి. ఆయన్ను మూలంలో చదవగలిగినవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఇక క్రైస్తవం. ఇక్కడ విశాఖకు ఓ ప్రత్యేక స్థానం ఉంది, చాలామందికి గుర్తుండదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చారు. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పని విశాఖలోనే నడిచింది. ఇద్దరు మిషనరీలూ కొద్ది కాలానికే చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ప్రాచీన గ్రీకులో ఉన్న గ్రంథం తెలుగు వాక్యంగా మారడానికి ఎంత తర్జనభర్జన జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. సీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. దేశంలో అనేక థియాలజీ కాలేజీలు నేటికీ సీరాంపూర్ సెనేట్ కిందే డిగ్రీలు ఇస్తున్నాయి. బైబిల్ మూల భాషలైన హీబ్రూ, గ్రీకు ఆ చదువులో భాగం.

అంటే భాష, తత్వం, మతం ఒకే టైమ్‌టేబుల్‌లో ఉన్న డిగ్రీ తెలుగునాట దాదాపు సెమినరీల్లోనే మిగిలింది. దానికి అక్కడివారిని మెచ్చుకోవాలి. కాకపోతే అక్కడ చేరేది ప్రధానంగా పాస్టర్లు కాబోయేవారే. బయటి విద్యార్థి ఎవరూ ఆ గ్రీకు క్లాసులో కూర్చోడు, ఆ క్లాసులోని విద్యార్థికి ఛాందోగ్యం చదివే స్నేహితుడు దొరకడు. ఒకే ఊళ్లో, ఒకే బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడిచేవాళ్లే వీళ్లంతా.

మార్కుల సంస్కృతం

సంస్కృతం చదివేవాళ్లకు కొరతేం లేదని ఇంటర్ కాలేజీలను చూపించి ఎవరైనా అనవచ్చు. నిజమే, విశాఖలో కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ పిల్లల్లో ఎక్కువమంది రెండో భాషగా తీసుకునేది సంస్కృతమే. వంద మార్కుల పేపర్లో తొంభై దాటడం అక్కడ వింత కాదు. రెండేళ్ల తర్వాత అదే విద్యార్థికి ఒక సుభాషితం ఇచ్చి విడదీయమంటే చేతులెత్తేస్తాడు. దీనికి పిల్లల్ని తిట్టి లాభం లేదు. ర్యాంకు కోసం తెలుగును పక్కకు నెట్టి తెచ్చుకున్న సంస్కృతం అది. చదువు కోసం తెచ్చుకున్నది కాదు. అటు తెలుగూ పోయింది, ఇటు సంస్కృతమూ రాలేదు. ఒక్క మేలు మాత్రం జరిగింది. సంస్కృతం ఎం.ఎ. చేసినవారికి జూనియర్ లెక్చరర్ ఉద్యోగాలు దొరుకుతున్నాయి.

కొత్త విద్యావిధానం భారతీయ జ్ఞాన వ్యవస్థల పేరుతో కొన్ని క్రెడిట్లు కేటాయించింది. మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం వాటిలో తీసుకునేలా విద్యార్థులను ప్రోత్సహించాలని యూజీసీ 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచిదే. కానీ భాష లేకుండా ఆ క్రెడిట్లు సంపాదించే వీలున్నంతకాలం అది మళ్లీ పీపీటీ స్లైడ్ల మీద శ్లోకాలే అవుతుంది.

బయటి దేశాల్లో అంతా సవ్యంగా ఉందనుకోవడం కూడా పొరపాటే. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ సాహిత్యం, చరిత్ర, తత్వం కలిపి చదివే లిటరే హ్యుమానియోరెస్ నాలుగేళ్ల కోర్సు. బడిలో గ్రీకు, లాటిన్ చదవనివారికి అందులోనే మొదటి నుంచి నేర్పే దారి కూడా ఉంది. ఫిలాసఫీ, థియాలజీ కలిపి చదివే డిగ్రీ విడిగా ఉంది. కానీ 2021లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ తన క్లాసిక్స్ మేజర్ విద్యార్థులకు గ్రీకు, లాటిన్ తప్పనిసరి అనే నిబంధన తీసేసింది. ఎక్కువమంది రావాలన్నది వాళ్ల ఉద్దేశం. భాష తీసేశాక మిగిలేది ఏ చదువని విమర్శకులు అడిగారు. మనం ఆ ప్రయోగం ఫలితం కోసం ఎదురుచూడనక్కర్లేదు. భాష తప్పనిసరి కాని తత్వశాస్త్రం ఎలా ఉంటుందో ఇక్కడ తరాలుగా చూస్తూనే ఉన్నాం.

ఉద్యోగం మాట

సరే, ఇంట్లో అడిగే ప్రశ్నకు వద్దాం. విశ్వవిద్యాలయంలో అధ్యాపక పోస్టులు తక్కువ, ఉన్న ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు. ఎం.ఎ., నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష), పిహెచ్‌డి అయ్యాక కూడా గెస్ట్ ఫ్యాకల్టీగా గడిపేవారు ఉంటారు. దీన్ని దాచిపెట్టి ఎవరినీ ఈ దారిలోకి పిలవకూడదు.

సివిల్స్ సంగతి వేరు. ఫిలాసఫీ ఆప్షనల్ రెండు పేపర్లు, 500 మార్కులు. సిలబస్ చిన్నదని చాలామంది తీసుకుంటారు. రెండో పేపర్లో సగం మత తత్వశాస్త్రమే: దేవుడి ఉనికికి రుజువులు, లోకంలో చెడు ఎందుకుందన్న సమస్య, ఆత్మ అమరత్వం, శ్రుతికీ యుక్తికీ సంబంధం, అన్ని మతాలూ సత్యమే అనవచ్చా అన్న చర్చ. థియాలజీ మాట వింటే విశ్వవిద్యాలయాలు బెదిరిపోతాయి గానీ, యూపీఎస్సీ మాత్రం దాన్నే ప్రశ్నపత్రంలో పెడుతోంది. ఆ ప్రశ్నలకు మన పిల్లలు జవాబులు నేర్చుకునేది కోచింగ్ సెంటర్ నోట్సులో. వీటికితోడు 2013 నుంచి జనరల్ స్టడీస్‌లో 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది, అది అందరికీ తప్పనిసరి.

భాష వచ్చినవారికి ఇంకొన్ని దారులున్నాయి. పురావస్తు శాఖ శాసన విభాగంలో సంస్కృతం, ద్రావిడ భాషలు, అరబీ, పర్షియన్ వచ్చినవారు కావాలి. నెట్‌లో ఫిలాసఫీ, సంస్కృతంతోపాటు పాళీ, ప్రాకృతం, మతాల తులనాత్మక అధ్యయనం కూడా విడి సబ్జెక్టులుగా ఉన్నాయి. అక్కడ పోటీ తక్కువ, పోస్టులూ తక్కువే. మొత్తం మీద ఒక సూత్రం కనపడుతుంది. ఒట్టి ఫిలాసఫీ పట్టా కంటే ఫిలాసఫీతోపాటు ఒక ప్రాచీన భాష చేతిలో ఉన్నవారికి పరిశోధన సీట్లు, ఫెలోషిప్‌లు, విదేశీ అడ్మిషన్లు సులువుగా వస్తాయి. అనువాదాల మీద ఆధారపడి రాసిన థీసిస్‌కు బయట విలువ ఉండదు.

చేయగలిగింది

తెలుగు విద్యార్థికి ఉన్న వెసులుబాటు జర్మన్ విద్యార్థికి లేదు. సంస్కృత పదాల్లో సగం అతనికి ఇంట్లో తెలిసినవే. తెలుగు లిపిలోనే సంస్కృత గ్రంథాలు వేసిన వావిళ్లవారి ముద్రణలు పాత పుస్తకాల షాపుల్లో, లైబ్రరీల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఇవాళ్టి పరిశోధన దేవనాగరిలో, రోమన్ గుర్తుల్లో ఉంటుంది కాబట్టి ఆ రెండూ అలవాటు చేసుకోక తప్పదు, అది కొన్ని వారాల పని. శబ్దమంజరి (పదాల విభక్తి రూపాల పుస్తకం), ధాతువులు వచ్చాక కావ్యంలో ఏళ్లు గడపకుండా నేరుగా అన్నంభట్టు తర్కసంగ్రహం పట్టుకోవచ్చు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన ఆయన రాసిన ఆ చిన్న పుస్తకం ప్రపంచమంతటా భారతీయ తర్కానికి మొదటి వాచకం. దాని పారిభాషిక పదాలు పట్టుబడితే శంకర భాష్యం సగం తేలికవుతుంది. పాళీ కావాలంటే సంస్కృతం తర్వాత అది కష్టం కాదు, బుద్ధుడి ప్రవచనాలైన సుత్తాలన్నీ సుత్తసెంట్రల్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. గ్రీకుకు పెర్సియస్ డిజిటల్ లైబ్రరీలో ప్రతి పదానికీ వ్యాకరణ వివరం దొరుకుతుంది. సంస్కృత నిఘంటువులు కొలోన్ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉన్నాయి. కొరత పుస్తకాలది కాదు, పక్కన కూర్చుని తప్పు దిద్దే గురువుది.

ఆ గురువులు విశాఖలో ఉన్నారు, వేర్వేరు చోట్ల ఉన్నారు. వాళ్లను కలపడానికి కొత్త శాఖ పెట్టాలని, పోస్టులు మంజూరు కావాలని ప్రభుత్వం చుట్టూ తిరిగితే మరో తరం గడిచిపోతుంది. ఫిలాసఫీ శాఖ నుంచి ఒకరు, సంస్కృత శాఖ నుంచి ఒకరు వారానికి ఒక మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే గ్రంథం విద్యార్థులతో వరుసగా చదివితే చాలు. సెమినరీ నుంచి, వేదపాఠశాల నుంచి వచ్చేవారికీ తలుపు తెరిచి ఉంచాలి. ఏ గ్రంథంతో మొదలుపెట్టాలన్న గొడవ రాకుండా 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం తీసుకోవచ్చు. పదహారు దర్శనాలను వరుసగా, చాలావరకు వాళ్ల వాదనతోనే చెప్పిన పుస్తకం అది. మతబోధ అనే ఆరోపణకూ తావుండదు, ఎందుకంటే అది మొదలయ్యేదే దేవుణ్ణీ వేదాన్నీ ఒప్పుకోని చార్వాకులతో. ఆ మొదటి అధ్యాయం చిన్నది, ఒక సెమిస్టర్‌లో మూలంలోనే పూర్తిచేయవచ్చు.